ఖాళీ బోర్డు, మిగిలిన గ్లాసు

ఇప్పుడు మీరు ఆఫీసు గుమ్మంలో వేలు పెడితే యంత్రం కుయ్యిమంటుంది, మీరు వచ్చినట్టు లెక్క. మా రోజుల్లో ఆ యంత్రం నేనే. జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో, ఇనప గర్డర్లూ చట్రాలూ చేసి పంపే ఒక చిన్న కార్ఖానాలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా ముప్ఫై రెండేళ్ళు కూర్చున్నాను. నా ముందు చిన్న కిటికీ, నా వెనక గోడకి ఒక క్యాలెండరు. గేటు బయట బోర్డుకి అందరి ఇత్తడి టోకెన్లూ వేలాడుతూ ఉండేవి. షిఫ్టుకి వచ్చినవాడు తన నంబరున్న టోకెను తీసి నా కిటికీలో పడేసి లోపలికి పోవాలి. నేను రిజిస్టర్లో టిక్కు పెట్టాలి. అంతే నా ఉద్యోగం.

ఇందులో ఒక చిన్న మర్యాద ఉండేది. ఒకడి పెళ్ళానికి జ్వరం, ఇంకొకడి సైకిలు పంచరు, మరొకడు ముందురోజు పెళ్ళిభోజనం అరక్క మంచం దిగలేకపోయాడు. అలాంటప్పుడు స్నేహితుడు తన టోకెనుతో పాటు వాడిది కూడా తీసి కిటికీలో వేసేవాడు. "ఎనకాలే వత్తన్నాడు బాబూ" అని ఒక మాట అనేవాడు. రెండు టోకెన్లు పడితే టక్కుమని ఒక చప్పుడు కాదు, టక్ టక్‌మని రెండు. అది వినగానే నేను మెడ తిప్పి క్యాలెండరు చూసేవాణ్ణి. ఏ తిథి ఏ రోజు వచ్చిందో మా పురోహితుడి కంటే నాకే బాగా తెలిసేది. దీన్ని లంచగొండితనం అనుకోకండి, ఎవరి దగ్గరా టీచుక్క కూడా తాగలేదు. అందరం కలిసి దానికి మనిషితనం అని పేరు పెట్టుకున్నాం.

ఎనభైల మొదట్లో మా కార్ఖానాకి ఒక సర్దార్జీ ఇంజనీరు వచ్చాడు. పర్వతారోహణలో కోర్సులు చేసినవాడు. గర్డరు కేసి చూసినా ఏదో శిఖరాన్ని చూసినట్టు చూసేవాడు. ఒకరోజు క్యాంటీన్లో సమోసా చేతిలో పట్టుకుని, మనం ఒక ఆరువేల మీటర్ల కొండ ఎక్కుదాం అన్నాడు. దాన్ని ట్రెకింగ్ పీక్ అంటారట. అంటే మరీ నిపుణులే కానక్కర్లేదు, నడవగలిగి, తాడూ మంచుగొడ్డలీ వాడడం నేర్చుకున్నవాడు ఎక్కగలిగే శిఖరం. ఆ పేరు పెట్టినవాడు కింద నిలబడి పెట్టాడని నా గట్టి నమ్మకం.

నాతో కలిపి ఎనిమిది మందిని ఎంచారు. కొండలెక్కే లక్షణం నాలో ఒక్కటీ లేదు. రెండు మేడలెక్కితే రొప్పేవాణ్ణి. కానీ నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని కార్ఖానా అంతా చెప్పుకునేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. ప్రయాణానికి పథకం వెయ్యడం, సామాన్ల జాబితాలు రాయడం, చివరి డేరా దగ్గర కూర్చుని ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చూసుకోవడం నా పని. పైకి ఎక్కనక్కర్లేదు. ఆ మాట విన్నాకే ఒప్పుకున్నాను.

జంషెడ్‌పూర్ సీతారాండేరా పేటలో మా రెండు గదుల ఇల్లు ఆరునెలల పాటు దండయాత్ర కార్యాలయం అయిపోయింది. పాత మస్టరు రిజిస్టరు వెనక పేజీల్లో గళ్ళు గీసి, ఏరోజు ఎంత ఎత్తు, ఎవరి వీపున ఎన్ని కిలోలు, రోజుకి ఎన్ని బిస్కెట్లు అని రాశాను. ఒక గడి ఖాళీగా కనిపిస్తే నాకు నిద్రపట్టేది కాదు. సర్దార్జీ చూసి, "ఏక్ దిన్ చఢేంగే, ఉసీ దిన్ ఉతరేంగే" అన్నాడు. ఒకరోజు ఎక్కి, అదేరోజు దిగిపోయి కింద పడుకోవాలట, మర్నాడు మళ్ళీ ఎక్కాలట. ఒంటికి పలచటి గాలి అలవాటవ్వాలంటే అదే దారి అన్నాడు. చేసిన పనే మళ్ళీ చేస్తారా అని లోపల లోపల విసుక్కుంటూ గళ్ళన్నీ కొట్టేసి మళ్ళీ గీశాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వినేది. "ఇంట్లో బొగ్గు ఎన్నాళ్ళొత్తాదో తెల్దు గానీ, మంచుకొండమీద కిరసనాయిలు ఎంత కావాలో మారాజుకి తెలుసు" అనేది. అయినా రెండు డబ్బాల ఆవకాయ పెట్టి ఇచ్చింది. అది జాబితాలో లేదు, బరువు ఎక్కువవుతుంది అన్నాను. "అయితే ఆ బిస్కెట్లు తీసెయ్యండి" అంది. తీసేశాను.

ఇక మామ గురించి చెప్పాలి. మా వాళ్ళలో తాడు గురించి నిజంగా తెలిసినవాడు ఆయనొక్కడే. భుయ్యాడీహ్‌లో ఏటి ఒడ్డున ఉండేవాడు. కార్ఖానాలో రిగ్గరు, అంటే తాళ్ళతో, గొలుసులతో బరువులు లేపి చోటు మార్చే మేస్త్రీ. శ్రీకాకుళం వైపు మనిషి. నాకు చుట్టం కాదు, కానీ మొదటిరోజు నుంచీ నన్ను అల్లుడూ అన్నాడు, నేను మావా అన్నాను. బరువు లేపాలంటే ఆయన "హబీస్!" అని అరిచేవాడు, దించాలంటే "ఆరియా!" అనేవాడు. కూలీలంతా ఆ రెండు మాటలమీదే కదిలేవారు. ఎక్కడి భాషో ఎవరికీ తెలీదు, కానీ రిగ్గర్లందరికీ అదే భాష. షిఫ్టు అయ్యాక గర్డర్ల షెడ్డులో మమ్మల్ని తాడుకి కట్టి క్రేను దూలం మీంచి వేలాడదీసి ముడులు నేర్పేవాడు. నేను గాల్లో గిరగిరా తిరుగుతూ కళ్ళు మూసుకుంటే, "కాయితంమీద కొండెక్కడం కాదల్లుడూ, కళ్ళు తెరు" అని కిందనుంచి నవ్వేవాడు.

ఆయనకి అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. వయసు ఎక్కువ, వద్దు అన్నాడు సర్దార్జీ. నేనే పోట్లాడాను. ఊరి పక్కనున్న దల్మా కొండ మీదికి బోల్టుల బస్తాలు మోస్తూ సాధన చేసినప్పుడు అందరికంటే ముందు పైకి చేరి, తీరిగ్గా ఖైనీ నలుపుకుంటూ కూర్చున్నది ఆయనే అని చూపించాను. అలా ఆయన జట్టులోకి వచ్చాడు. బయల్దేరే ముందు ఆయన భార్యకి చెప్పి వద్దామని భుయ్యాడీహ్ వెళ్ళాను. ఆమె నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, "బాబూ, ఈయనకి టైమంటే తెల్దు. తవరే లెక్కెట్టి తీసుకెల్లి, లెక్కెట్టి అప్పచెప్పాల" అంది. లెక్కే కదా నా పని, దిగులు పెట్టుకోకమ్మా అన్నాను.

టోకెన్ల ఆలోచన నాకు ఆరోజు దారిలోనే వచ్చింది. ఎనిమిది ఇత్తడి టోకెన్లు, ఒక చెక్క, ఎనిమిది మేకులు. పైకి వెళ్ళేవాడు తన టోకెను మేకుకి తగిలించి వెళ్ళాలి, దిగి వచ్చినవాడు తీసి మెళ్ళో వేసుకోవాలి. మూడు గంటలకి బోర్డుమీద టోకెను ఉంటే మనిషి ఇంకా పైనున్నట్టు, వెంటనే వెతకడానికి పోవాలి. బోర్డు ఖాళీ అయితే అందరూ వచ్చేసినట్టు. సర్దార్జీ నా వీపుమీద ఒక్కటి చరిచి, "టైమ్‌బాబూ, కమాల్ కర్ దియా!" అన్నాడు. టోకెన్లకి కొత్త నంబర్లు కొట్టింది మా జట్టులోని వెల్డరు కుర్రాడు. కద్మాలో ఉండేవాడు, ఇంట్లో తల్లి తెలుగులో పిలిస్తే హిందీలో పలికే రకం. మామంటే వాడికి ప్రాణం. షెడ్డులో ఒకరి టోకెను ఒకరు వేసుకునే జంట ఏదయ్యా అంటే ముందు వీళ్ళిద్దరి పేరే వస్తుంది. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ కొండమీద నాకు ఆ సంగతి గుర్తుకే రాలేదు.

రెండు రైళ్ళు, రెండు బస్సులు, ఆపైన ఆరురోజుల నడక. అక్కడి వర్ణనలు రాయను, ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. నాకు బాగా గుర్తున్నవి కందిపప్పు ఉడక్కపోవడం, ఆవకాయ రాయిలా గడ్డకట్టడం. సుత్తి పెట్టి కొట్టుకుని, ముక్క బుగ్గలో పెట్టుకుని కరిగించుకునేవాళ్ళం. బిస్కెట్లు వదిలేసి అది తెచ్చినందుకు ఏడుగురూ మా ఆవిడకి దండాలు పెట్టారు. మంచు మొదలయ్యే చోట రాళ్ళ మధ్య మా చివరి పెద్ద డేరా, దాని చుట్టూ పడుకోవడానికి చిన్న డేరాలూ వేశాం. అక్కడ ఎప్పుడూ ఉండేది నేనూ, ఆ కొండల్లోనే పుట్టిన ఒక వంటవాడూ. బయట రాళ్ళలో నా బోర్డు నిలబెట్టాను. నాలుగు రోజులు అందరూ ఎక్కారు, దిగారు, టోకెన్లు తగిలించారు, తీశారు. నాలుగురోజులూ రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదు.

ఐదోరోజు. అసలు రోజుకి ఇంకా రెండురోజులుంది. ఏడుగురూ పైన చిన్న డేరా వేసి, సామాను పెట్టి దిగి రావాలి. ఒకరోజు విశ్రాంతి తర్వాత శిఖరం. దారంతా ఎర్రజెండాలు పాతారు కాబట్టి దిగేటప్పుడు ఇద్దరిద్దరుగా రమ్మన్నాడు సర్దార్జీ, జంట మాత్రం విడిపోకూడదన్నాడు. మధ్యాహ్నానికి మబ్బు దిగడం మొదలైంది. ముందు ఒక జంట వచ్చింది, తర్వాత సర్దార్జీతో కలిసి ముగ్గురు వచ్చారు. ఒక్కొక్కరూ టోకెను తీసుకుని డేరాల్లో దూరిపోయారు. ఇక మామా, వెల్డరూ రావాలి.

నేను బోర్డుకి వీపు పెట్టి స్టౌలో కిరసనాయిలు పోస్తున్నాను. వెనక బూట్లు ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు. ఇత్తడి కదిలిన చప్పుడు, ఒకటి, ఆ వెంటనే ఇంకొకటి. టక్ టక్.

మీతో అబద్ధం ఎందుకు, నాకు వినిపించింది. పదిహేడేళ్ళుగా అలవాటైన చప్పుడు. అది వినగానే నా మెడ తనంతట తానే అవతలివైపు తిరిగింది. అక్కడ క్యాలెండరు లేదు కాబట్టి ఆకాశం చూశాను. తిరిగేసరికి బోర్డు ఖాళీ, వెల్డరు కుర్రాడి వీపు డేరాలోకి పోతోంది. సర్దార్జీ లోపల్నుంచి, "సబ్ ఆ గయే?" అని, అందరూ వచ్చేశారా అని కేకేశాడు. "బోర్డ్ ఖాలీ హై సాబ్" అన్నాను. రెండు నలభైకి అందరూ క్షేమం అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

మూడున్నరకి వంటవాడు టీ పెట్టాడు. మా జట్టుకి ఎనిమిది స్టీలు గ్లాసులు, పలక రాయిమీద వరసగా పోసి పెట్టాడు. డేరాల్లోంచి ఒక్కొక్క చెయ్యి వచ్చి ఒక్కొక్క గ్లాసు తీసుకుపోయింది. బయట మంచు పడుతోంది, పది గజాల అవతల ఏమీ కనిపించడంలేదు. వంటవాడు రాయికేసి చూసి, "బాబూజీ, ఏక్ గిలాస్ బచ్ గయా" అన్నాడు, ఒక గ్లాసు మిగిలిపోయిందని. నాది కాబోలు అనుకున్నాను. నాది నా చేతిలోనే ఉంది.

నా గ్లాసు ఎక్కడ పడేశానో తెలీదు. వెల్డరు డేరా తెర ఎత్తాను. వాడు బూట్లు కూడా విప్పకుండా పడుకుని ఉన్నాడు, మొహం పాలిపోయి ఉంది. "మామేడిరా?" అన్నాను. వాడు లేచి కూర్చుని పక్కన ఖాళీ పడకని చూశాడు. "ఆయే నహీఁ? పీఛే ఆ రహే థే" అన్నాడు, ఇంకా రాలేదా, వెనకాలే వస్తున్నాడే అని. తర్వాత ఏడుస్తూ తెలుగులోకి దిగాడు. "నాకు తల పగిలిపోతంటే, వాంతులయితంటే, నువ్వు ఎల్లిపోరా అన్నాడు. ఆయన బూటు పట్టీ తెగింది, కట్టుకుని ఎనకాలే వత్తన్నానన్నాడు. కింద డేరాలు కనబడతన్నాయి అప్పుడు. నా టోకెను కూడా తీసెయ్, లేపోతే టైమ్‌బాబు కేకలేత్తాడు అన్నాడు."

ఆ చివరి మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. మూడింటికి బోర్డుమీద టోకెను ఉంటే నేను గంట కొట్టి అందర్నీ లేపేవాణ్ణి. నేను అలా హడావిడి పడకూడదని ఆయన నామీద జాలిపడ్డాడు. వాడు ఆయనమీద ప్రేమతో తీశాడు. నేను వాళ్ళిద్దరిమీద మర్యాదతో ఆకాశం చూశాను. ముగ్గురు మంచివాళ్ళం కలిసి ఒక మనిషిని మంచులో వదిలేశాం.

సర్దార్జీ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తాడు భుజానికి వేసుకుని ఇద్దర్ని పిలిచాడు. నేనూ బయల్దేరాను. నువ్వు ఇక్కడుండి బోర్డు చూసుకో అన్నాడు. "ఖాళీ బోర్డులో చూడడానికి ఏముంది సాబ్" అన్నాను. ఆయన నా మొహం చూసి, ఒక తాడు కొస నా నడుముకి కట్టాడు.

ఆరునెలలు కాగితంమీద ఎక్కిన వాలు నిజంగా ఎక్కడం అదే మొదటిసారి. నాలుగడుగులకి ఒకసారి ఆగి ఊపిరి వెతుక్కున్నాను. జెండా నుంచి జెండాకి పోతూ సర్దార్జీ ఈల ఊదుతున్నాడు. నేను "మావా! మావా!" అని అరుస్తున్నాను. మంచు ఆ పిలుపులన్నీ మింగేస్తోంది. ఐదో జెండా దగ్గర బూట్ల గుర్తులు పూర్తిగా పోయాయి. భుయ్యాడీహ్‌లో బెల్లంముక్క పెట్టిన చెయ్యి కళ్ళముందుకొచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది. ఏమనుకున్నానో తెలీదు, గర్డర్ల షెడ్డులో కూలీలు అరిచినట్టు నా శక్తికొద్దీ అరిచాను, "హబీ...స్!"

ఎడమవైపు, మా కాళ్ళకి చాలా కిందనుంచి వచ్చింది జవాబు. "ఆరియా! ఆరియా! ఆస్తే!"

నెమ్మదిగా దించమంటున్నాడు. పొగమంచులో జెండాలు తప్పి, జారి, ఒక చీలికలో రాతి అరుగుమీద ఆగాడు. నడుముకున్న తాడుముక్కతో తనని తను ఒక బండకి కట్టుకుని కూర్చున్నాడు. ఆ ముడి మాకు వారం రోజులు నేర్పిన ముడే. కేకలు వేసి వేసి గొంతు పోగొట్టుకున్నాడట, మా ఈల వినిపించినా పలకలేకపోయాడట. కానీ రిగ్గరు చెవిలో హబీస్ అని పడితే జవాబు చెప్పకుండా ఎలా ఉంటాడు? మేము తాడు దించాం. ఆయన కట్టుకున్నాడు. పైకి లాగుతున్నంతసేపూ కిందనుంచి ఆయనే హబీస్, ఆయనే ఆస్తే. తనని లేపే పనికి కూడా తనే మేస్త్రీ.

అంచు మీదికి రాగానే నన్ను చూసి, "అల్లుడూ, నువ్వా!" అని ఆశ్చర్యపోయాడు. "కుర్రోడు దిగినాడా?" అన్నాడు. దిగాడు అన్నాను. "నా టోకెను తీసినాడా నేదా?" అన్నాడు. తీశాడు అన్నాను. "మరింకేటి, బోర్డు ఖాళీగుంటాదిగా, నువ్వెందుకొచ్చినా..." అని నవ్వబోయి ఆగిపోయాడు. ఏం జరిగిందో అప్పుడు అర్థమయింది ఆయనకి. నేను ఆయన చేతులు రెండూ నా చంకల్లో పెట్టుకున్నాను.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. శిఖరం ఎదురుగా, చెయ్యిచాస్తే అందేటట్టు మెరుస్తోంది. మామ ఎడమకాలి వేళ్ళు నల్లబడ్డాయి, ఆయన్ని వెంటనే కిందికి మోసుకుపోవాలి, మోయడానికి అందరూ కావాలి. సర్దార్జీ ఒక్కసారి వెనక్కి తిరిగి శిఖరాన్ని చూశాడు, తర్వాత మామ బరువు భుజంమీదికి తీసుకున్నాడు. మాలో ఎవరమూ ఆ కొండ ఎక్కలేదు. బాధగా లేదని చెబితే మీరు నమ్మకండి.

తిరుగు బస్సులో మామ పక్కన కూర్చుని, రెండు చప్పుళ్ళు నాకు వినిపించాయని చెప్పేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు తెలుసల్లుడూ. నువ్వు ఇటు తిరిగి చూత్తే ఆడు రెండో టోకెను ముట్టుకోడు. మన షెడ్డులో అందరికీ నీ మెడమీద అంత నమ్మకం" అన్నాడు. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఊరికొచ్చాక ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. నేను వరండాలో తలవంచుకుని నిలబడితే ఆయన భార్య బయటికొచ్చింది. "లెక్కెట్టి తెచ్చినారు గానీ బాబూ, రెండు తగ్గినాయి" అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆమె పెద్దమనసుకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

మళ్ళీ కిటికీ వెనక కూర్చున్న మొదటి పొద్దున మెషిన్ షాపువాడొకడు రెండు టోకెన్లు వేశాడు. టక్ టక్. "ఎనకాలే వత్తన్నాడు" అన్నాడు. మెడ తిరగబోయింది. పట్టుకుని ఆపాను. ఒక టోకెను వెనక్కి తోసి, "వచ్చి తనే వెయ్యమను" అన్నాను. వాడు మొహం చిట్లించాడు. "కొండెక్కొచ్చి సాబు అయిపోనాడు" అని అందరికీ వినబడేలా అన్నాడు. కొండ ఎక్కలేదని వాడికి చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. ఆ నెలంతా నాకు క్యాంటీన్లో పక్కన కూర్చునేవాడు లేడు. మధ్యలో రెండుమూడుసార్లు, ఇంత కఠినం అవసరమా అని నాకే అనిపించింది.

మూడునెలల తర్వాత మామ పనిలోకి వచ్చాడు. ఆరోజు సైరను మోగి పన్నెండు నిమిషాలయింది. వెల్డరు కుర్రాడు తన టోకెను ఒక్కటే వేసి, గేటు పక్కన నిలబడి, రోడ్డుకేసి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. కిటికీ ముందు మరో పదిమంది ఏం జరుగుతుందా అని ఆగిపోయారు. మామ ఎడమకాలు ఈడ్చుకుంటూ, మెల్లగా, ఎవరి భుజమూ పట్టుకోకుండా వచ్చాడు. బోర్డుమీద మిగిలిన ఒక్క టోకెనూ తీసి నా ముందు పెట్టాడు.

నా చేతిలో కలం ఉంది గానీ రాయడానికి చెయ్యి రాలేదు. లేటు అని రాయాలి. కాలు అలా చేసింది నేను, లేటు రాయాల్సింది కూడా నేనే. నా కళ్ళు క్యాలెండరు కోసం వెనక్కి పోతుంటే మామ కిటికీలోంచి చెయ్యి పెట్టి నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకున్నాడు.

"లేటని రాయల్లుడూ" అన్నాడు. "నా టోకెను నేనే తెచ్చినాను గదా."